బొగ్గు బాయి మూతపడ్డాక మిగిలిన ఊరు: తగ్గిపోతున్న పట్టణాల మీద థీసిస్ చేయొచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఎం.ప్లాన్ (పట్టణ ప్రణాళికలో పీజీ) రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది బెల్లంపల్లి. నాన్న సింగరేణిలో చేసి రిటైరయ్యారు. 'ష్రింకింగ్ సిటీస్' (జనం తగ్గిపోతున్న ఊళ్లు) మీద థీసిస్ చేద్దామంటే మా గైడ్ గారు 'అది అమెరికా, జర్మనీ గొడవ. మన దేశంలో ఊళ్లు పెరగడమే గానీ తగ్గడం లేదు, వేరే టాపిక్ చూసుకో' అన్నారు. నిజమేనా? చేస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?"

అమ్మా, టాపిక్ మార్చుకోకండి. నేను ముప్పై ఏళ్ల దాకా టౌన్ ప్లానింగ్‌లో ఉన్నాను, అందులో చాలా భాగం గోదావరి పక్క బొగ్గు పట్టణాల ఫైళ్లతోనే గడిచింది. రిటైరయ్యాక కొంతమంది పిల్లల థీసిస్‌లు కూడా దిద్దాను. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు మీ గైడ్ గారి మాట. అందులో సగం నిజముంది. ఆ సగాన్ని మీరే ముందుగా ఒప్పేసుకుంటే వైవాలో టెన్షన్ ఉండదు. మన దేశంలో తగ్గిన నగరాలు అనగానే అందరూ రెండు పేర్లు చెబుతారు. కోల్‌కతా కార్పొరేషన్ జనాభా 2001లో 45.7 లక్షలు, 2011లో 45 లక్షలకు కాస్త దిగువ. ముంబై సిటీ జిల్లా 33.4 లక్షల నుంచి 30.9 లక్షలకు పడింది. చూడ్డానికి పెద్ద తగ్గుదలే. కానీ దక్షిణ ముంబైలో జనం తగ్గింది అక్కడ పని లేక కాదు, అక్కడ ఇల్లు కొనలేక. మిల్లులు పోయి ఆఫీసులొచ్చాయి, కుటుంబాలు థానే వైపు, ఇంకా అవతలికి జరిగాయి. నగరం చిక్కలేదు, పక్కకి ఒరిగింది. మీరు ఈ రెండు ఉదాహరణలూ పట్టుకుని వెళ్తే మీ గైడ్ గారు ఒక్క నిమిషంలో కొట్టిపారేస్తారు, అది న్యాయమే.

రామగుండం సంగతి అలా కాదు. 2001లో 2 లక్షల 35 వేల పైచిలుకు ఉన్న ఊరు 2011లో 2 లక్షల 29 వేల దగ్గరికొచ్చింది. ఆ పదేళ్లలో తెలుగునాట పట్టణ జనాభా గబగబా పెరిగిందని గుర్తుపెట్టుకోండి. మీ బెల్లంపల్లి, పక్కన మందమర్రి ఇంకా ఎక్కువ పోగొట్టుకున్నాయి. మందమర్రి 2011లో 52 వేలు, మీ ఊరు దాదాపు 56 వేలు, రెండూ అంతకు ముందు లెక్క కంటే కిందే. కారణం మీ ఇంట్లోనే ఉంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదివేల మందికి పైగా పనిచేసేవాళ్లు. ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కల ఉన్నారు. భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, గోల్డెన్ షేక్‌హ్యాండ్ (ముందే రిటైరైతే ఇచ్చే డబ్బు) తీసుకుని కొందరు పోయారు, పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనులొచ్చాయి. బొగ్గు తగ్గలేదు, ఇంకా పెరిగింది. తగ్గింది మస్టర్ పడే మనుషులు. పైగా రామగుండంలో ఎరువుల కార్ఖానా 1999లో మూతపడింది. 2021లో కొత్త కంపెనీ పేరుతో మళ్లీ తెరిచారు గానీ పాత కార్ఖానాకి పెట్టినంత మంది కొత్తదానికి అక్కర్లేదు.

ఈ రంగంలో వాడే నిర్వచనానికి కూడా ఇది సరిపోతుంది. 2004లో బర్క్‌లీలో మొదలైన అంతర్జాతీయ పరిశోధకుల బృందం ఒకటుంది. వాళ్లు పెట్టుకున్న కొలత ఇది: కనీసం 10 వేల జనాభా ఉన్న పట్టణ ప్రాంతం, అందులో ఎక్కువ భాగంలో రెండేళ్లకు మించి జనం తగ్గుతూ ఉండాలి, దాంతోపాటు బతుకుతెరువు మారిపోతూ సంక్షోభం లక్షణాలు కనపడాలి. ముంబై చివరి షరతు దగ్గర, అంటే సంక్షోభం దగ్గర, ఆగిపోతుంది. మీ ఊరు ఆగదు. ఇది ఒక్క పేజీ టేబుల్‌గా చేసి గైడ్ గారికి ఇవ్వండి. వాదించకండి, టేబుల్ ఇవ్వండి.

అయితే ఆ టేబుల్ వేసేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. హద్దులు. లైప్‌జిగ్ అని తూర్పు జర్మనీలో నగరం. 1989లో 5 లక్షల 30 వేల జనం, బెర్లిన్ గోడ కూలిన పదేళ్లలో దాదాపు లక్షమంది పోయారు. 1999, 2000లో చుట్టుపక్కల ఊళ్లు కలిపేసుకున్నారు, కాగితం మీద జనాభా ఒక్కసారిగా లేచింది. మన దగ్గర ఇదే పని ఇంకా తేలిగ్గా జరుగుతుంది. కొత్తగూడెం, పాల్వంచ, చుట్టుపక్కల పంచాయతీలు కలిపి 2025లో కార్పొరేషన్ చేశారు. మంచిర్యాల కూడా నస్పూర్‌తో కలిసి కార్పొరేషనైంది. రేపు 2027 జనాభా లెక్కలు వచ్చాక ఎవరో ఒకరు 2011 అంకె పక్కన కొత్త అంకె పెట్టి "ఎంత పెరిగిందో చూడండి" అంటారు. మీరు వార్డు స్థాయిలో, పాత హద్దులోనే లెక్క కట్టండి. విసుగొచ్చే పనే, కానీ థీసిస్‌లో మీ మాట నిలబడేది అక్కడే.

ఇక అసలు విషయం. ఈ సబ్జెక్టు చదివే పిల్లలు జనాభా గ్రాఫు దగ్గరే తిరుగుతుంటారు. నా అభిప్రాయం వేరు. మనుషులు ఎంతమంది పోయారన్నది మొదటి పేజీ మాత్రమే. మనుషులు పోయాక కూడా పోకుండా నిలబడే వస్తువులున్నాయి: ఇళ్లు, పైపులు, రోడ్లు, బళ్లు, ఆస్పత్రి. అవి జనంతోపాటు చిన్నవి కావు. వాటి ఖర్చు ఎవరు మోస్తున్నారు, ఎవరి నెత్తిన పడుతోంది అన్నదే ప్లానర్ అడగాల్సిన ప్రశ్న.

ఇళ్లతో మొదలుపెడదాం. గ్లేజర్, జ్యూర్కో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2005లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఈ రంగంలో ఒక్కటే చదవగలిగితే దాన్నే చదవమంటాను. వాళ్ల వాదన చాలా మామూలుగా ఉంటుంది. ఊరు పెరిగేటప్పుడు ఇళ్లు కడతారు. ఊరు పడిపోయేటప్పుడు ఇళ్లు మాయమైపోవు, ధర పడిపోతుంది. కట్టడానికయ్యే ఖర్చు కంటే తక్కువకి పాత ఇల్లు దొరుకుతుంది, కాబట్టి కొత్తది ఎవరూ కట్టరు. ఆ చవక ఇల్లే కొందరిని ఊళ్లో ఆపుతుంది. ఎవరిని? బయట అద్దె కట్టలేనివాళ్లని, ముసలివాళ్లని, వేరే చోట పని దొరకనివాళ్లని. అందుకే ఊళ్లు పెరిగినంత వేగంగా తగ్గవు, తగ్గేకొద్దీ పేదవవుతాయి.

ఇప్పుడు దీన్ని మీ ఊరికి పెట్టి చూడండి, ఒక తేడా కనపడుతుంది. మీ నాన్నగారు ముప్పై ఏళ్లు ఉన్న క్వార్టర్ ఆయనది కాదు, కంపెనీది. రిటైరైతే ఖాళీ చేయాలి. అంటే ఇంటి ధర మనిషిని ఊళ్లో ఆపడమనే పని ఇక్కడ సగమే జరుగుతుంది. క్వార్టర్ వదిలినవాళ్లు మంచిర్యాలలోనో, కరీంనగర్‌లోనో, కొడుకు దగ్గర హైదరాబాద్‌లోనో తేలతారు. ఇంకో సగం మంది సింగరేణి స్థలంలోనే గుడిసెతో మొదలుపెట్టి ఇల్లు కట్టుకున్నవాళ్లు. సింగరేణి స్థలాల్లోని ఇళ్లను క్రమబద్ధం చేసే జీవో 76 కింద వాళ్లలో చాలామందికి పట్టాలొచ్చాయి. క్వార్టర్ మనిషీ పట్టా మనిషీ ఊరు వదిలే తీరు ఒకటేనా? అమెరికా పరిశోధనలో దీనికి జవాబు దొరకదు, ఎందుకంటే అక్కడ ఈ ప్రశ్నే లేదు. మీ థీసిస్‌కి సొంత ముక్క అంటూ ఏదైనా ఉంటే ఇదే.

పైపుల సంగతి ఇంజినీర్లకి వదిలేయకండి. లక్షమందికని వేసిన మెయిన్‌లో యాభైవేల మంది నీళ్లు పారితే నీరు పైపులో ఎక్కువసేపు నిలబడుతుంది, క్లోరిన్ తేలిపోతుంది. మురుగు పైపులో ప్రవాహం చాలక మడ్డి అడుగున పేరుకుంటుంది, కుళ్లిన వాసన, ఆ వాయువు కాంక్రీటుని తినేయడం. తూర్పు జర్మనీ పట్టణాల్లో మంచినీళ్లు పోసి మురుగు పైపులు కడగాల్సి వచ్చింది. పైగా నీళ్ల సరఫరాలో ఖర్చు చాలావరకు పైపులదీ, పంపులదీ, మనుషుల జీతాలదీ. వాడకం సగమైతే ఖర్చు సగం కాదు. మిగిలినవాళ్ల బిల్లు పెరుగుతుంది, లేదా మరమ్మతు ఆగిపోతుంది. మన దగ్గర బిల్లు పెంచలేరు కాబట్టి రెండోదే జరుగుతుంది. ఇంకో సంగతి, మన ఊళ్లలో నీళ్లు రోజు విడిచి రోజు గంటో రెండు గంటలో వస్తాయి. అందుకే జర్మనీలో కనపడ్డ లక్షణాలు మనకి సూటిగా కనపడవు, సరఫరా లోపం కింద దాక్కుంటాయి. కంపెనీ కాలనీల్లో నీళ్లు కంపెనీ ఇస్తుంది, బయట మున్సిపాలిటీ ఇస్తుంది. బాయి మూసి కాలనీ అప్పగించిన చోట ఆ ట్యాంకు, ఆ పైపు ఎవరి ఖాతాలోకి వెళ్లాయో కనుక్కోండి. కొన్నిచోట్ల ఎవరి ఖాతాలోనూ లేవని తేలుతుంది. నాకు తేలింది.

మరి ప్లానర్లు ఇది ఎందుకు రాయరు? నా సొంత పాపం ఒకటి చెబుతాను. ఒక బొగ్గు పట్టణం మాస్టర్ ప్లాన్ ముసాయిదా నా టేబుల్ మీదకి వచ్చింది. ఊరు పేరొద్దు. గత పదేళ్లలో జనాభా తగ్గింది, కాబట్టి మామూలుగా వేసే ఏ లెక్క వేసినా ఇరవై ఏళ్ల తర్వాత ఇంకా తక్కువే వస్తుంది. కన్సల్టెంట్ ఏం చేశాడంటే, తగ్గిన దశాబ్దాన్ని "అసాధారణం" అని పక్కనపెట్టి, బాయిలు నిండుగా నడిచిన 1981–91 పెరుగుదల రేటు పట్టుకొచ్చి ముందుకు లాగాడు. ఊరు దాదాపు రెట్టింపు! దానికి తగ్గట్టు రెసిడెన్షియల్ జోన్, వంద అడుగుల రోడ్లు. నేను అభ్యంతరం రాశాను. పైనుంచి ఒక్క ప్రశ్న వచ్చింది: "తగ్గుతుందని రాస్తే ఈ ఊరికి నిధులెవరిస్తారు?" నా దగ్గర జవాబు లేదు. సంతకం పెట్టాను.

ఆ ప్రశ్న అడిగినాయన తెలివితక్కువవాడు కాదు. మన వ్యవస్థ అలాగే కట్టి ఉంది. స్థానిక సంస్థల గ్రాంట్లు రాష్ట్రాలకి పంచేటప్పుడు 15వ ఆర్థిక సంఘం జనాభాకి 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం బరువు ఇచ్చింది. ఏ కౌన్సిలరూ "మా వార్డు ఖాళీ అవుతోంది" అని రాసివ్వడు. ఇది మన ఒక్కరి రోగం కూడా కాదు. చైనాలో లాంగ్ యింగ్ అనే పరిశోధకుడి బృందం 2000, 2010 లెక్కలు పోల్చి 654 నగరాల్లో 180 తగ్గాయని తేల్చింది. అవే ఊళ్ల ప్రణాళికలు మాత్రం విస్తరణనే ఊహించుకుంటూ పోయాయని కూడా ఎత్తిచూపింది. అక్కడి ప్రభుత్వ పత్రంలో "తగ్గిపోతున్న నగరాలు" అనే మాట కనపడడానికి 2019 దాకా పట్టింది.

ఒప్పుకున్న ఊరు ఏమైందో కూడా చూడాలి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో యంగ్స్‌టౌన్ ఉక్కు పట్టణం. 1930లో 1 లక్ష 70 వేల జనం. 1977 సెప్టెంబర్ 19న పెద్ద ఉక్కు కర్మాగారం మూసేస్తున్నామని ప్రకటించారు, ఐదువేల ఉద్యోగాలు. ఆ సోమవారాన్ని అక్కడివాళ్లు ఇప్పటికీ నల్ల సోమవారం అంటారు. పాతికేళ్లు "మళ్లీ వస్తుంది" అనుకుంటూ గడిపి, చివరికి 2005లో ఒక ప్లాన్ ఆమోదించారు: మనది ఇక చిన్న ఊరు, చిన్న ఊరుగానే బాగుందాం. అమెరికాలో ఒక నగరం అలా కాగితం మీద రాసుకోవడం పెద్ద వార్త అయింది. పరిశోధకులు ఎగబడ్డారు. ఆ ప్లాన్ అనుకున్నది జనాభా 80 వేల దగ్గర నిలబడుతుందని. 2010లో లెక్కేస్తే 67 వేలు, 2020లో 60 వేలు. తగ్గుతామని ఒప్పుకుని రాసిన ప్లాన్ కూడా ఎక్కువే ఊహించింది! ఖాళీ వీధుల్లో మిగిలిన ఒకటి రెండు ఇళ్లవాళ్లకి, డబ్బిస్తాం, జనం ఉన్నవైపు రండి అంటే చాలామంది కదల్లేదు. ఇల్లంటే వాళ్ల లెక్క వేరు, ప్లాన్ లెక్క వేరు.

డెట్రాయిట్ గురించి మీరు ఎలాగూ చదువుతారు: 1950లో 18.5 లక్షలు, 2020లో 6.4 లక్షలు, 2013లో దివాలా. దాన్ని మీ ఊరికి అద్దం చేసుకోకండి. అక్కడ తెల్లవాళ్లు శివార్లకి పోవడం, నల్లవాళ్లకి అప్పు పుట్టకుండా చేయడం పెద్ద కారణాలు. చుట్టుపక్కల శివార్లు బాగానే ఉన్నాయి.

దానికంటే న్యూయార్క్ చదవండి. 1976లో ఆ నగరం గృహనిర్మాణ శాఖ అధికారి రోజర్ స్టార్ "ప్రణాళికతో కుదించడం" అనే ఆలోచన బహిరంగంగా పెట్టాడు. డబ్బు లేదు కాబట్టి పాడైపోయిన పేటల్లో సేవలు తగ్గించేద్దాం, జనం తామే పోతారు అని. ఆ దశాబ్దంలోనే పేదల పేటల్లో అగ్నిమాపక కేంద్రాలు మూశారు. దక్షిణ బ్రాంక్స్ తగలబడింది. తర్వాత డెబొరా వాలస్, రోడ్రిక్ వాలస్ అనే దంపతులు ఏళ్ల తరబడి ఆ మంటల్ని, ఆ తర్వాత వచ్చిన జబ్బుల్ని కలిపి చూపించారు. "రైట్ సైజింగ్" (ఉన్న జనానికి తగ్గట్టు ఊరిని కుదించడం) లాంటి మెత్తటి మాట మీ థీసిస్‌లోకి వచ్చిన ప్రతిసారీ ఈ కథ గుర్తుచేసుకోండి. ఏ వీధి ముందు మూసేయాలో నిర్ణయించేది ఎవరు, ఆ వీధిలో ఉండేది ఎవరు?

మీ ఊరికి అన్నిటికంటే దగ్గరి చుట్టం జపాన్‌లో ఉంది. హొక్కైడో దీవిలో యూబరి. పక్కా బొగ్గు పట్టణం. 1960లో దాదాపు 1 లక్ష 17 వేల జనం. జపాన్ ప్రభుత్వం బొగ్గు వదిలి ఆయిల్ వైపు మళ్లింది, 1981లో గనిలో ప్రమాదం జరిగి 93 మంది చనిపోయారు, 1990లో చివరి బాయి మూతపడింది. మున్సిపాలిటీ ఏం చేసిందో తెలుసా? అప్పు తెచ్చి థీమ్ పార్కు, మ్యూజియం, స్కీయింగ్ రిసార్టు. టూరిస్టులు బొగ్గు స్థానంలో వస్తారని ఆశ. (మన దగ్గరా మూతపడ్డ బాయి అనగానే ఎవరో ఒకరు టూరిజం అంటారు, ఆ ఫైలూ నేను చూశాను.) 2007లో ఊరు దివాలా తీసింది, తీర్చాల్సింది 3,500 కోట్ల యెన్లకు పైన. ఉద్యోగుల్ని సగానికి తగ్గించారు, జీతాలు కోశారు, ఆస్పత్రిని క్లినిక్ చేశారు, బళ్లన్నీ కలిపి ఒక ప్రాథమిక పాఠశాల, ఒక మాధ్యమిక పాఠశాల మిగిల్చారు. 2020లో జనాభా 7 వేల పైచిలుకు.

అయినా నేను యూబరిని చూడమనేది ఆ ఏడుపు కోసం కాదు. తర్వాత వాళ్లు చేసిన ఒక పని కోసం. యూబరి లోయలో పొడుగ్గా, బాయికో కాలనీగా చెల్లాచెదురుగా పెరిగిన ఊరు, అచ్చం మన బొగ్గు బెల్టు లాగే. సగం ఖాళీ అయిన క్వార్టర్లలో అక్కడో కుటుంబం ఇక్కడో కుటుంబం ఉంటే, మొత్తం ఊరు మధ్యకి రమ్మనలేదు. ముందు అదే కాలనీలో, ఒకటి రెండు బ్లాకుల్లోకి అందర్నీ చేర్చారు. పక్కింటివాళ్లు పక్కింటివాళ్లుగానే ఉన్నారు, మంచు ఎత్తాల్సిన రోడ్లు, వేడి చేయాల్సిన పైపులు మాత్రం తగ్గాయి. ఊరి నడిమధ్యకి మళ్లడం తర్వాతి అడుగు, నిదానంగా, ఏళ్లమీద. అప్పటి మేయర్ సుజుకి, ముప్పై ఏళ్లకే ఎన్నికైన మనిషి, రైల్వేవాళ్లు ఎలాగూ మూసేసే బ్రాంచి లైన్‌ని మూసుకోమని తానే ముందు చెప్పి, బదులుగా బస్సులకి డబ్బు రాబట్టాడు. 2019 మార్చితో రైలు ఆగింది. ఇది తెలివా, లొంగిపోవడమా అని జపాన్‌లో ఇప్పటికీ వాదిస్తారు. నాకైతే తెలివే అనిపిస్తుంది. అడక్కుండా పోయేదాన్ని అడిగి ఇచ్చేసి ఏదో ఒకటి తెచ్చుకున్నాడు.

లైప్‌జిగ్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఈ రంగంలో కూల్చివేత మీద పెద్ద పాఠం అక్కడుంది. 2000 నాటికి తూర్పు జర్మనీ అంతటా దాదాపు పది లక్షల ఇళ్లు ఖాళీ. 2002లో ప్రభుత్వం కూల్చడానికి డబ్బిచ్చే పథకం పెట్టింది, లక్ష్యం సుమారు 3.5 లక్షల ఇళ్లు. హౌసింగ్ కంపెనీలకి పాత అప్పులుండేవి. కూల్చితే ఆ అప్పులో మాఫీ దొరికేది. దాంతో ఎక్కడ కూల్చితే ఊరికి మంచిదన్నది వెనక్కి పోయి, ఎక్కడ కూల్చితే కంపెనీ పద్దు సరిపోతుందన్నది ముందుకొచ్చిందని మత్తియాస్ బెర్న్ట్ లాంటి పరిశోధకులు విమర్శించారు. లైప్‌జిగ్‌లో అదే సమయంలో ఇంకో దారి కూడా నడిచింది. పాడుబడ్డ పాతకాలపు మేడల్ని అద్దె లేకుండా వాడుకోనిచ్చారు, కావలి కాయడం, చిన్న మరమ్మతులు చేసుకోవడం షరతు. 2004లో ఒక సంఘం దీన్ని మొదలుపెట్టింది. ఆ దశాబ్దంలో పోర్షే, బీఎండబ్ల్యూ కార్ఖానాలు, విమాన సరకుల కేంద్రం వచ్చి ఊరు మళ్లీ పెరిగి 6 లక్షలు దాటింది. ఇప్పుడు అక్కడి గోల ఇళ్లు దొరకడం లేదని! కూల్చనివి పనికొచ్చాయి. ప్రతి ఊరూ లైప్‌జిగ్ కాదు, అది విశ్వవిద్యాలయమున్న పెద్ద నగరం. బెల్లంపల్లికి బీఎండబ్ల్యూ వస్తుందని రాయకండి.

మన దేశంలో మీరు తప్పకుండా వెళ్లి చూడాల్సింది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. 1880లలో ఇంగ్లిష్ కంపెనీ మొదలుపెట్టింది, 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చుకున్న ఊరు, మూడు కిలోమీటర్లకు పైగా లోతుకి తవ్వారు. తర్వాత దాన్ని నడిపిన ప్రభుత్వ కంపెనీ 2001 ఫిబ్రవరి 28న మూసేసింది. అదే కంపెనీ నడిపిన మన చిత్తూరు వైపు బిసానత్తం, చిగురుగుంట గనులూ ఆగిపోయాయి. ఇప్పుడు జనాభా లెక్క చూస్తే ఆ ఊరు కూలిపోయినట్టు కనపడదు. మరి జనం ఏం తింటున్నారు? తెల్లవారకముందే మారికుప్పం స్టేషన్‌కి వెళ్లి నిలబడండి, తెలిసిపోతుంది. వేలమంది బెంగళూరు బండెక్కి పోతారు, రాత్రికి తిరిగొస్తారు. ఊరు నిద్రపోయే చోటు అయింది, పని ఇంకోచోట ఉంది. అక్కడ తగ్గుదలని చూపించేది సెన్సస్ కాదు, రైల్వే టైంటేబుల్. మీ ఊళ్లో అలాంటి సాక్షి ఏదని వెతకండి.

కొన్ని నేను చెబుతాను. సెన్సస్ 2011దే చేతిలో ఉంది, పాతబడింది, కాబట్టి వేరే ఆధారాలు తప్పవు. డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) దగ్గర నెలకి సున్నా యూనిట్లు పడే సర్వీసులెన్ని? రేషన్ పోర్టబిలిటీలో మీ ఊరి కార్డుల బియ్యం హైదరాబాద్ షాపుల్లో ఎంత పోతోంది? ఇది బంగారం లాంటి ఆధారం, ఎవరూ వాడటం లేదు. బడి పిల్లల లెక్క తీసుకునేటప్పుడు సర్కారు బడి ఒక్కటే తీసుకోకండి, ప్రైవేటుకి పోయినవాళ్లని ఊరు వదిలినవాళ్లుగా రాసేస్తారు. ఓటర్ల జాబితా నమ్మకండి, ఊరు వదిలిపోయినా ఓటు వదలరు. రాత్రి వెలుగుల శాటిలైట్ ఫొటోలు ఇప్పుడు ఫ్యాషన్. మీ దగ్గర అది తల్లకిందులు చేస్తుంది. ఓపెన్‌కాస్టులో రాత్రంతా ఫ్లడ్ లైట్లు, మంచిర్యాల పక్క జైపూర్‌లో థర్మల్ ప్లాంటు. భూగర్భ బాయి మూసి ఓపెన్‌కాస్టు తెరిస్తే మనుషులు తగ్గుతారు, వెలుగు పెరుగుతుంది. వెలుగు చూసి ఊరు ఎదిగిందని రాసిన పేపరు ఒకటి నా దగ్గరికి రివ్యూకి వచ్చింది కూడా.

గైడ్ గారు "బొగ్గు ఊళ్లు నాలుగైదు, వాటికోసం థీసిస్ ఎందుకు" అంటే ఇంకో మాట ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి సగటు పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలబడాలంటే 2.1 కావాలి. బాయిలు లేని చిన్న పట్టణాలు కూడా ఈ వరసలోకి వస్తాయి. అప్పుడు మీ అధ్యాయాలు వెతుక్కుంటూ ఎవరో ఒకరు వస్తారు.

ఫీల్డ్‌లో ఒక జాగ్రత్త. ఇంటింటికీ వెళ్లి "మీ ఊరు చచ్చిపోతోంది కదా" అన్న ధోరణిలో అడగకండి. అక్కడున్నవాళ్లకి అది ఊరు, కేస్ స్టడీ కాదు. మీది అదే ఊరు కాబట్టి మీకిది తెలుసనుకోండి, కానీ ప్రశ్నాపత్రం చేతికొస్తే మనం మారిపోతాం. "మీ వీధిలో చివరిసారి కొత్త ఇల్లు ఎప్పుడు కట్టారు?", "పక్క క్వార్టర్‌లో ఎవరుండేవారు, ఎటు పోయారు?" అని అడగండి. రెండో ప్రశ్నకి వాళ్లే గంటసేపు చెబుతారు.

చివరగా, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు, ఎప్పుడన్నదీ చెబుతాను. వేసవిలో వద్దు. ఎండ సంగతి అలా ఉంచండి, సెలవులకి మనవలొస్తారు, తాళాలు తీసుంటాయి, ఊరు నిండుగా కనపడుతుంది. ఆగస్టులో మొదలుపెట్టండి. రెండు వార్డులు తీసుకోండి, ఒకటి క్వార్టర్లది, ఒకటి పట్టా ఇళ్లది. ప్రతి గడపకీ వెళ్లి తాళం ఉందా లేదా రాసుకోండి. తర్వాత సద్దుల బతుకమ్మ నాటి నుంచి దసరా మర్నాటి దాకా అవే రెండు వార్డులు, అవే గడపలు మళ్లీ తిరగండి. ఆగస్టులో తాళమున్న ఇళ్లలో ఎన్నింటి ముందు బతుకమ్మ పేర్చారో లెక్కపెట్టండి. తాళం తీసినవాళ్లు ఇంకా ఈ ఊరి మనుషులే, ఇంకెక్కడో బతుకుతున్నారు. అప్పుడు కూడా తీయని తాళాలు వేరే పట్టికలో రాయండి.